ఇరవై ఐదో పేరు

అంబత్తూరు,
9 జూన్ 2025

చూళై బ్లూస్ ఫుట్‌బాల్ క్లబ్బు కార్యదర్శి బాలసుందరం గారికి, అంటే మా మామకు,

నీ అక్క కన్యక కూతురు, క్లబ్బు సభ్యురాలు సంయుక్త రాసుకునే ఫిర్యాదు.

జట్టు విషయంలో కార్యదర్శితో ఎవరూ నోటితో వాదించకూడదు, ఏమున్నా తెలుగులో రాసి సంతకం పెట్టి పంపాలి, కార్యదర్శి కూడా వారంలోగా తెలుగులోనే జవాబు రాయాలి అని తాత క్లబ్బు పెట్టిన కొత్తలోనే నియమం చేశాడు. వాదన ముదిరి ఎవరో ఎవరినో గొడుగుతో కొట్టి భుజం ఎముక విరగ్గొట్టాడట, అందుకని. మంచి పని చేశాడు. నిన్న నువ్వు నోటీసు బోర్డులో పెట్టిన జట్టు పేర్లను అమ్మ ఫోటో తీసి పంపగానే నా చెయ్యి కూడా గొడుగు కోసం వెతికింది.

నీకు ఇన్నేళ్ళుగా ఫిర్యాదులు రాకపోవడానికి కారణం జట్టు బాగుండడం కాదు. మా వయసు వాళ్ళలో ఎవరికీ తెలుగు రాయడం రాదు. తమిళంలో తిట్టుకొని ఇళ్ళకు పోతారు. నాకు అమ్మమ్మ గోవిందమ్మ చెవి మెలేసి నేర్పింది కాబట్టి నీ ఖర్మ ఇట్లా కాలింది.

ఇప్పుడు జట్టు. ఇద్దరు గోల్‌కీపర్లు. ఒకడికి బంతంటే భయం, ఇంకొకడికి పొద్దున లేవడమంటే భయం. పోనీలే అనుకుందాం. వెనక ఆడేవాళ్ళు తొమ్మిది మంది! మనం ఆడేది లీగా, కోటకు కాపలానా? ముందుకు పరిగెత్తే వింగర్లు ఇద్దరే ఇద్దరు. ఒకడికి పిక్క పట్టేస్తే ఎడమవైపు ఎవరు ఆడతారు? నువ్వా?

అన్నిటికంటే చివర, ఇరవై ఐదో పేరు, వెంకటపతి అన్న. ముప్పై ఏడేళ్ళు. పురసవాక్కంలో చీరల కొట్టులో పగలంతా నిలబడి, సాయంత్రం ఎడమ మోకాలికి గుడ్డ చుట్టుకొని గ్రౌండుకు వస్తాడు. వెనక కుడివైపు కాసే కుడి బ్యాక్ ఎడమకాలు ఆన్చి ఆ వైపు తిరగలేకపోతే వాణ్ణి ఏమంటారు మామా? గౌరవం ఉంటే శాలువా కప్పు, దండ వెయ్. జెర్సీ ఎందుకు?

ఆ చోట రాయాల్సిన పేరు నీ ఇంట్లోనే ఉంది. నీ కొడుకు రాజా. పంతొమ్మిదేళ్ళు. నిరుడు జూనియర్లలో ఎడమ వింగులో వాణ్ణి పట్టుకున్నవాడు లేడు. వాడు ఇంకెవరి కొడుకైనా అయ్యుంటే నువ్వే వాళ్ళ ఇంటికి పోయి బతిమాలి తెచ్చుకునేవాడివి. లీగువాళ్ళకు పేర్లు పంపడానికి జూలై ఏడు దాకా గడువుంది. దిద్దుకో.

ఇట్లు,
చందా సకాలంలో కట్టే కొద్దిమందిలో ఒకతె,
సంయుక్త


పురసవాక్కం,
13 జూన్ 2025

చి. సంయుక్తకు కార్యదర్శి ఇచ్చే జవాబు.

నీ ఉత్తరం అందింది. చదివాను. గ్రౌండులో సున్నం గీతలు గీసే ఏకాంబరానికి కూడా చదివి వినిపించాను. నవ్వుతాడనుకున్నాను, నీ మీద జాలిపడ్డాడు.

నీకు ఫుట్‌బాల్ అంటే టీవీలో పచ్చగా కనిపించేది. మన గ్రౌండు పచ్చగా ఉండేది వాన పడిన రెండు వారాలే. తర్వాత బురద, ఆ తర్వాత గులకరాళ్ళు. యూరపులో ఎవడో పిల్లవాడు పద్దెనిమిదేళ్ళకే గోల్ కొట్టాడని ఫోనులో చూసి, చూళైలో కూడా పద్దెనిమిదేళ్ళవాళ్ళను తోసెయ్యాలంటారు మీరంతా. ఆ పిల్లవాడి వెనక నలుగురు డాక్టర్లు, ఇద్దరు వంటవాళ్ళు ఉంటారమ్మా. మన వెనక ఏకాంబరం ఉన్నాడు, ఐసు డబ్బాతో.

వెనక తొమ్మిది మంది ఎందుకు అన్నావు. ఆగస్టులో బురదలో ఇద్దరు పడతారు. సెప్టెంబరు వచ్చేసరికి పసుపు కార్డులు. ఆ తర్వాత ఒకడికి డెంగీ, ఒకడికి పెళ్ళి, ఒకడికి ఆఫీసులో ఆడిట్. అప్పుడు బెంచీ మీద చూస్తే నిలబడగలిగినవాడు ఒకడుండాలి. జట్టుకు లోతు అంటే అది. బెంచీ నిండా వింగర్లను కూర్చోబెడితే అది పెళ్ళికొడుకుల వరసలా ఉంటుంది.

వెంకటపతిని పదిహేడేళ్ళ వయసులో నేను తెచ్చాను. నిరుడు ఆఖరి మ్యాచిలో గోల్ గీత మీద రొమ్ము అడ్డం పెట్టి బంతి ఆపినవాడు అతనే. ఆ బంతి లోపలికి పోయుంటే మనం ఈ ఏడు కింది డివిజన్‌లో ఆడుతుండేవాళ్ళం, నువ్వు ఈ ఫిర్యాదు రాయడానికి కూడా ఇంత జట్టు మిగిలేది కాదు.

ఇక నా కొడుకు సంగతి. వాడి కాళ్ళు మంచివే, వాడే మెత్తన. బంతి అడిగితే ఇచ్చేస్తాడు. మొన్న ప్రాక్టీసులో ఒకడు వాణ్ణి పిక్క మీద తన్నాడు. నా కొడుకు లేచి వాడికే సారీ చెప్పాడు! నేను అవతలికి తిరిగి నిలబడ్డాను, ఎవడి కొడుకో అన్నట్టు. ఇడ్లీ పిండితో గోడ కట్టమంటావా?

మీ అత్త వెంకటలక్ష్మి నీకు ఊరగాయ పంపమంటోంది. ఫిర్యాదు చేసినవాళ్ళకు ఊరగాయ ఇవ్వాలని నియమమేమీ లేదు. అయినా పంపుతున్నాను. మూత సరిగా బిగించి పెట్టుకో, హాస్టల్లో చీమలుంటాయి.

ఇట్లు,
ఓపిక ఇంకా కొంచెం మిగిలి ఉన్న కార్యదర్శి,
బాలసుందరం


అంబత్తూరు,
17 జూన్ 2025

మామకు,

ఊరగాయ బాగుంది. జవాబు బాగాలేదు.

నీ లోతు గురించి చదివాను. అంత లోతున్న జట్టు నిరుడు మొత్తం సీజనులో కొట్టిన గోల్స్ చేతివేళ్ళు దాటలేదు. అందులో ఒకటి అవతలివాడే పొరపాటున తన పోస్టులో తన్నుకున్నది. దాన్ని కూడా కలుపుకొని మీరంతా బిర్యానీ తిన్నారు. చివరి ఇరవై నిమిషాల్లో ప్రతి మ్యాచిలోనూ మనవాళ్ళు నడుస్తారు మామా, బీచిలో గాలికి వచ్చినట్టు. అప్పుడు కాళ్ళున్నవాడు ఒకడు లోపలికి రావాలి. నా లెక్కలో లోతు అది.

రాజా మెత్తన అంటావు. వాడికి నువ్వు ఎప్పుడైనా ఒక మ్యాచి పూర్తిగా ఆడే అవకాశం ఇచ్చావా? ఒకటి సూటిగా అడుగుతాను. వాడు ఆడలేడని నీ భయమా, వాడు జట్టులో ఉంటే నలుగురూ కార్యదర్శి కొడుకు కాబట్టి వచ్చాడంటారని భయమా? నీ పరువు కోసం వాడి సీజను ఖర్చు పెడుతున్నావు.

నోటితో కాదు, కాగితంతో కూడా కాదు, కాళ్ళతో తేల్చుకుందాం. ఈ ఆదివారం మనలో మనకే ఒక మ్యాచి పెట్టు. ఒక జట్టులో ఎడమ వింగు రాజా, ఎదుటి జట్టులో కుడి బ్యాక్ వెంకటపతి అన్న. ఇద్దరూ ముఖాముఖి. ఎవడు గెలిస్తే ఇరవై ఐదో పేరు వాడిది.

నేను రాలేను. మా ఫ్యాక్టరీలో ఈ నెలంతా నాకు ఆదివారం షిఫ్టు. ఎక్స్‌పోర్టుకు పోయే వాల్వులు పరీక్ష చేసే సెక్షన్‌లో నేను లేకపోతే మా సూపర్‌వైజరు అన్నిటినీ బాగున్నాయని పంపించేస్తాడు. నీకు తమ్ముడవ్వాల్సినవాడు.

ఇట్లు,
సీసా కడిగి పంపబోయే మేనకోడలు,
సంయుక్త


పురసవాక్కం,
20 జూన్ 2025

చి. సంయుక్తకు,

మ్యాచి పెడుతున్నాను. ఆదివారం పొద్దున. ఏకాంబరం రెఫరీ. నీ నోరు మూయించడానికి ఇంతకంటే చవకైన దారి దొరకలేదు.

రాజా వెంకటపతిని దాటి పోగలిగితే వాడి పేరు రాస్తాను, నలుగురేమన్నా అననీ. పోలేకపోతే ఈ సీజను అయ్యేదాకా నీ నుంచి నాకు ఒక్క ముక్క రాకూడదు. దీపావళి శుభాకాంక్షలు కూడా వద్దు.

వెంకటపతికి చెబితే నవ్వాడు. "రానీప్పా. నేను పరిగెత్తను గూడా పరిగెత్తను, నిలబడిన కాడే నిలబడి ఆపతా" అన్నాడు. రాజాకు చెబితే సరే అన్నాడు. వాడు దేనికైనా సరే అంటాడు, అదే వాడి జబ్బు.

ఇట్లు,
బాలసుందరం


పురసవాక్కం,
24 జూన్ 2025

విజ్ఞానవంతురాలైన సంయుక్తకు,

కూర్చొని చదువు, కిందపడగలవు.

నీ రాకెట్టు ఒక్కసారి కూడా ఎగరలేదు. మ్యాచి జరిగినంతసేపూ రాజా వెంకటపతిని ఒక్కటంటే ఒక్కసారి దాటలేదు. గీత పక్కన ఎడారంత ఖాళీ పెట్టుకొని, ప్రతిసారీ లోపలికి, నేరుగా వెంకటపతి కాళ్ళ మధ్యకే వచ్చాడు. చిల్లర లెక్కపెట్టి ఇచ్చినట్టు బంతి అప్పగించి పోయాడు. వెంకటపతి నిజంగానే పరిగెత్తలేదు. ఆ పెద్దమనిషి అన్నమాట నిలబెట్టుకున్నాడు.

చూడడానికి వచ్చిన పాత సభ్యులు నా వంక చూసి, పాపం అన్నట్టు తలలూపారు. ఒకాయన నా భుజం తట్టాడు కూడా. ఇరవై ఏళ్ళ కార్యదర్శిగిరీలో నా భుజం ఎవరూ తట్టలేదు. ఆ పుణ్యం నీది.

మెత్తన అన్నాను, కాదన్నావు. ఇప్పుడు ఏమంటావు? ఏమీ అనకు, మన ఒప్పందం అదే.

ఇట్లు,
గెలిచినందుకు పెద్దగా సంతోషం లేని కార్యదర్శి,
బాలసుందరం


అంబత్తూరు,
26 జూన్ 2025

మామకు,

ఒప్పందం చెల్లదు. దొంగాటకు ఒప్పందమేమిటి?

రాజాకు ఫోన్ చేశాను. "సరిగా ఆడలేదు వదినా, విడు" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నేను వాడి ఆట చూసినదాన్ని. వాడికి గీత పక్కన ఖాళీ కనిపించకపోవడమేమిటి? పైగా మ్యాచికి ముందు రోజు నేనే వాడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "వెంకటపతి అన్న ఎడమకాలు ఆన్చలేడు. బయటివైపు తిరగలేడు. గీత వెంట పో, ఆ మోకాలి మీదికే పో, రెండుసార్లు పోతే మూడోసారి అతనే పక్కకు జరుగుతాడు" అన్నాను. ఇంత చెప్పాక చిన్నపిల్లవాడైనా బయటికి పోతాడు.

పోలేదంటే ఎవరో పోవద్దన్నారు. ఎవరన్నారు? ఆ ఇంట్లో వాడికి చెప్పేవాడు ఒక్కడే ఉన్నాడు. నాయన స్నేహితుడి పరువు కాపాడరా అని నువ్వే వాడి చెవిలో ఊదావు. ఊది, మళ్ళీ నాకు విజ్ఞానవంతురాలు అని రాస్తావా? కన్నకొడుకు కాళ్ళకు నువ్వే తాడు కట్టి, పరిగెత్తడం రాదని ఊరంతా చెప్పుకుంటున్నావు. సిగ్గుగా లేదా?

ఇకనుంచి నీ ఊరగాయ కూడా నాకు వద్దు. అత్తకు చెప్పకు, బాధపడుతుంది.

ఇట్లు,
సంయుక్త


పురసవాక్కం,
30 జూన్ 2025

సంయుక్తకు,

నీ ఉత్తరం శనివారం అందింది. అంతకు ముందు రోజే మా ఇంట్లో జరగాల్సింది జరిగింది. అది రాస్తాను, తర్వాత నువ్వు ఎవరికి సిగ్గుండాలో చెప్పు.

శుక్రవారం సాయంత్రం వెంకటపతి కొట్టు నుంచి నేరుగా వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మీ అత్త కాఫీ తెస్తే అక్కడ పెట్టమని చెయ్యి చూపించాడు. ఇరవై ఏళ్ళలో మా ఇంట్లో కాఫీ వద్దన్నది అదే మొదలు.

"రాజా యాడ?" అన్నాడు. వాడు లోపలి నుంచి వచ్చాడు.

"ఆదివారం నాకెందుకురా బంతి ఇచ్చినావు?"

"నేనీలేదన్నా. నువ్వే తీసుకుంటివి."

"తీసుకునేదానికీ, ఒకడిస్తే పట్టుకునేదానికీ తేడా తెలీకనే ఇన్నేండ్లు ఆడినానా? ఒక్క తూరన్నా గీత పక్కకొచ్చినావా? నన్ను ఎడం కాలు ఆన్చి తిరిగేట్ల చేసినావా? చెప్పరా."

రాజా, "వదిన నీ మోకాలి మీదికే పొమ్మనింది. నాకు మనసు రాలేదన్నా. నువ్వు పగలంతా నిలబడి వస్తా ఉండావు. ఆ కాలు చూస్తా చూస్తా ఎట్ల పోయేది?" అన్నాడు.

నేను ఆ క్షణంలో నిన్ను తిట్టుకున్నాను, నిజం చెబుతున్నాను. ఇంత దుర్మార్గం ఈ పిల్లకు ఎవరు నేర్పారా అనుకున్నాను. వెంకటపతి నా వైపు తిరిగి, "నువ్వు ముఖం అట్ల పెట్టుకోబాకప్పా, ఆ పాప చెప్పిందే ఆట" అన్నాడు. మళ్ళీ వాడితో, "మోకాలు పోయినోడి మోకాలి మీదికే పోవాలరా. నేను ఎంతమంది మోకాళ్ళ మీదికి పోయినానో మీ నాయన్నడుగు. నన్ను చూసి భయపడు, సంతోషం. కోపం తెచ్చుకో, ఇంగా సంతోషం. జాలి పడేదానికి నువ్వెవుర్రా? ఆ సభ్యులంతా ముసిలోడు ఆపేసినాడని చప్పట్లు కొడతా ఉంటే నాకెట్లుండిందో తెల్సా? అంతకంటే నా కాలు ఇరగ్గొట్టింటే బాగుణ్ణు" అన్నాడు.

రాజా ఏడ్చాడు. మీ అత్త లోపలికి పోయింది.

నువ్వు మోకాలు చూశావు, మనిషిని చూడలేదు. వాడు మనిషిని చూశాడు, ఆటగాణ్ణి చూడలేదు. నేనైతే అదంతా నా ఎదుటే జరుగుతున్నా ఏమీ గమనించక, నా మాటే నెగ్గిందని నాలుగు రోజులు మీసం తిప్పుకుంటూ తిరిగాను. పైగా నీకు గొప్పగా ఉత్తరం రాశాను. ఏకాంబరానికి కూడా అప్పుడే అనుమానం వచ్చిందట. "మీరు అడగలే, నేను చెప్పలే" అన్నాడు.

నేను రాజా చెవిలో ఏమీ ఊదలేదు. ఊదడానికి మేము మాట్లాడుకుంటే కదా. ఇంట్లో వాడికీ నాకూ నడిచే మాట "అన్నం తిన్నావా" అన్నది ఒక్కటే. అది కూడా మీ అత్త ద్వారా.

వెళ్తూ వెంకటపతి గుమ్మంలో ఆగాడు. "ఇంగొక ఆట పెట్టు. వీడు బయటి దిక్కే రావాల. రాకపోతే నేను మళ్ళా ఈ గడప తొక్కను" అన్నాడు. జూలై ఆరు, ఆదివారం. మర్నాడే పేర్లు పంపాలి.

ఇట్లు,
బాలసుందరం


అంబత్తూరు,
3 జూలై 2025

మామకు,

నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. నియమాల్లో అట్లా ఉందో లేదో నాకు తెలియదు, లేకపోతే కొత్తగా రాసుకో. వెంకటపతి అన్న పేరే ఉంచు. మ్యాచి వద్దు.

ఇక్కడ నా బల్ల మీద రోజూ వాల్వులు పెడతారు. ఎక్కడ నొక్కితే కారుతుందో అక్కడే నొక్కి చూడడం నా ఉద్యోగం. కారితే ఎర్ర చుక్క పెట్టి పక్కన పడేస్తాను. వెంకటపతి అన్న సంగతి కూడా అట్లాగే రాశానని ఇప్పుడు అర్థమైంది. శాలువా కప్పు, దండ వెయ్ అన్నాను. ఆ ముక్క అతనికి చదివి వినిపించలేదు కదా? వినిపించి ఉంటే నేను ఇక పురసవాక్కం రాను.

ఆ మోకాలు మొత్తానికి పోతే అతను కొట్టులో ఎట్లా నిలబడతాడు మామా? సీజను ఎవరికి కావాలి? నీ కొడుకు పంతొమ్మిదేళ్ళవాడు, వచ్చే ఏడు ఆడుకుంటాడు. నువ్వు కార్యదర్శివి కదా, ఆపు. నీ మొండితనం ఎప్పుడూ పనికిరాని చోటే వాడతావు, ఒక్కసారి పనికొచ్చే చోట వాడు.

అయినా నీ వెనక తొమ్మిది మంది సంగతి మాత్రం తప్పే. అది వెనక్కి తీసుకోవడం లేదు.

ఇట్లు,
సంయుక్త


పురసవాక్కం,
7 జూలై 2025

చి. సంయుక్తకు,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. శాలువా ముక్క వదిలేసి మిగిలింది వెంకటపతికి చదివి వినిపించాను. "ఈ పాపకు గూడా అంటుకునిందా జాలి?" అన్నాడు. అంతటితో నీ అభ్యర్థన కొట్టివేయబడింది.

మ్యాచి జరిగింది. మొదట్లో రాజా మళ్ళీ లోపలికే వచ్చాడు. వెంకటపతి బంతి లాక్కొని, దాన్ని తన్నకుండా తెచ్చి వాడి కాళ్ళ దగ్గరే పెట్టి, "ఇంగొక తూరి" అన్నాడు. ఆటలో అట్లా చెయ్యకూడదు. ఏకాంబరం విజిల్ నోట్లో పెట్టుకొని ఆకాశం చూశాడు.

అప్పుడు వాడు బయటికి పోయాడు. వెంకటపతి తిరిగాడు, అందలేదు. మళ్ళీ పోయాడు, మళ్ళీ అందలేదు. మూడోసారి ఆ ముసలినక్క చొక్కా పట్టి లాగి, భుజం అడ్డం పెట్టి, బంతి ఎత్తుకుపోయింది. రాజా "ఫౌల్!" అని గొంతు చించుకున్నాడు. వాడికి కోపం వచ్చింది సంయుక్తా. పంతొమ్మిదేళ్ళలో నేను చూడని కోపం. వెంకటపతి ముఖం చూడాల్సింది నువ్వు, పెళ్ళి నాడు కూడా అంత సంతోషంగా లేడు. "అట్ల రా! అట్ల రారా!" అని వాడి కంటే గట్టిగా అరిచాడు. అక్కడి నుంచి అది మ్యాచి. ఒకరినొకరు తిట్టుకున్నారు, తోసుకున్నారు. వాడు రెండుసార్లు దాటితే ఇతను ఒకసారి ఆపాడు. ఆపిన ప్రతిసారీ నాకు గుండె ఎటువైపు కొట్టుకోవాలో తెలియలేదు.

చివర్లో రాజా గీత వెంట పరిగెత్తాడు. వెంకటపతి ఎడమకాలు ఆన్చి తిరిగాడు. ఆ కాలు మోయలేదు. సున్నం గీత మీద కూలబడ్డాడు.

రాజా చూశాడు. వాడు చూడడం నేను చూశాను. వాడు ఆగలేదు. నేరుగా పోయి గోల్ కొట్టాడు. కొట్టి, వల ముందర అట్లాగే నిలబడిపోయాడు, ఇటు తిరగలేదు. భుజాలు కదులుతున్నాయి.

కింద కూర్చున్నవాడికి గోల్ కనబడలేదు. "గోలా? ఏకాంబరం, గోలేనా?" అని అరుస్తున్నాడు. ఏకాంబరం విజిల్ వేసి చెయ్యి ఎత్తాడు. ఇతను మట్టి చేతులతో చప్పట్లు కొట్టాడు.

నాకు ఏడుపు వచ్చింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఏడుపూ వచ్చింది, గర్వమూ వచ్చింది. ఎవరి దగ్గరికి ముందు పోవాలో తెలియక గీత బయటే నిలబడ్డాను. రాజాయే ముందు వచ్చాడు. వెంకటపతి పక్కన కూర్చొని, సారీ చెప్పడానికి నోరు తెరిచాడు. అతను వాడి నోరు చేత్తో మూసేశాడు.

డాక్టరు చూశాడు. ఎముక బాగానే ఉంది, లోపల నరం ఏదో చిరిగిందట, ఇక బంతి ముట్టుకోకూడదన్నాడు. చీరల కొట్టు యజమానిని నేను ఈ పొద్దున కలిశాను. బిల్లులు వేసే చోట కుర్చీలో కూర్చునే పని ఇస్తానన్నాడు. కార్యదర్శి మొండితనం పనికొచ్చే చోటే వాడాడని నీకు తెలియజేయడమైనది. మధ్యాహ్నం జట్టు పేర్లు లీగువాళ్ళకు అందించి వచ్చాను. ఇరవై ఐదో పేరు రాజా. వాడు ముందుగా బెంచీ మీదే కూర్చుంటాడు, అప్పుడే ఎగరకు. వెనక ఆడేవాళ్ళు ఇప్పుడు ఎనిమిది మందే. తృప్తేనా?

ఒక్క సంగతి రాయలేదు. నిన్న గ్రౌండు నుంచి ఆటో దాకా వెంకటపతిని మేమిద్దరం మోసుకుపోయాం. అటు రాజా, ఇటు నేను, మధ్యలో అతను ఒంటికాలి మీద. గేటు దగ్గర నాకు ఉండబట్టలేదు. ఇన్నేళ్ళలో వాడితో ఎన్నడూ అనని మాట అన్నాను. "బాగా ఆడావురా" అన్నాను.

వెంకటపతి ఆగాడు. మా ఇద్దరి భుజాల మీద బరువంతా వేసి, నా వైపు తిరిగాడు.

"వాడికి ఇంగా ఎన్నో ఏండ్లుండాయిప్పా, నిదానంగా చెప్పుకో. ఈ మాట ఈ పొద్దు నాకు చెప్పు" అన్నాడు.

చెప్పాను.

ఇట్లు,
మీ మామ,
బాలసుందరం